వల లేని పక్షిశాలలు

పక్షిశాల అనగానే జంతుప్రదర్శనశాలలో ఇనుపవల కప్పిన ఎత్తయిన పంజరం కళ్ల ముందు మెదులుతుంది. టిక్కెట్టు, మేత వేసే ఉద్యోగి, పక్షి పేరు రాసిన పలక అన్నీ ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ లేకుండానే నడుస్తున్న పక్షిశాలలు కొన్ని తెలుగు పల్లెల్లో ఉన్నాయి. ఊరి నడుమ చింతచెట్ల మీదో, చెరువులో మొలిచిన తుమ్మల మీదో వందలకొద్దీ గూడబాతులు, కొంగలు ఏటా వచ్చి గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా ఉండి, వెళ్లిపోతాయి. వాటిని ఎవరూ పట్టి తేలేదు. మేత కూడా ఎవరూ వెయ్యరు. చెట్టు కొట్టకుండా, పిల్లల చేతికి ఉండేలు ఇవ్వకుండా, వేటకు వచ్చినవాణ్ణి పొలిమేర దాటించి పంపడం వరకే ఊరి పని. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, ఈ ఏర్పాటుకు ఊరు ఏటా తన జేబులోంచి చెల్లిస్తూనే ఉంటుంది. ఆ చెల్లింపు లెక్క తెలియకుండా ఈ ఊళ్ల చరిత్ర అర్థం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి, గుంటూరు పక్కన ఉప్పలపాడు, హిందూపురం వైపు వీరాపురం, పులికాట్ సరస్సు ప్రాంతంలోని వెదురుపట్టు, తెలంగాణలో ఖమ్మం దగ్గరి చింతపల్లి ఈ కోవకు చెందినవి. కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు, తమిళనాడులో వేడంతాంగళ్, వేట్టంగుడి, కూంతంకుళం వీటికి అన్నదమ్ముల వంటివి. కైకలూరు దగ్గరి ఆటపాక, దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు అటవీశాఖ నడిపే స్థావరాలు. ఇక్కడ వాటి ప్రస్తావన పోలిక కోసమే వస్తుంది.

వచ్చే అతిథులు

ఈ ఊళ్లకు పెద్ద పేరు తెచ్చింది గూడబాతు. పై ముక్కు అంచు వెంబడి నీలపు మచ్చల వరుస, కింద సాగే సంచి, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. ఎగిరే పక్షుల్లో ఇది బరువైనదే. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదుగుతుంది. పిల్ల గూడు వదలడానికి మూడు నుంచి అయిదు నెలలు పడుతుంది. పుల్లలు ఏరడం నుంచి చివరి పిల్ల ఎగిరేదాకా లెక్కవేస్తే ఒక చెట్టు ఇంచుమించు అర్ధ సంవత్సరం పక్షుల చేతిలో ఉంటుంది. చింతచెట్టు ఉన్న రైతుకు అర్ధ సంవత్సరం అంటే ఏమిటో కాసేపట్లో చూద్దాం.

గూడబాతుకు తోడు వచ్చేది ఎర్రకాళ్ల కొంగ. తెల్లటి ఒళ్లు, నల్లచారల రెక్కలు, తోక దగ్గర గులాబి రంగు పూసినట్టుండే ఈకలు. ముక్కు కాస్త తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగలగానే దవడలు మూసుకుంటాయి. బురదనీళ్లలో కంటికన్నా స్పర్శే దానికి ఎక్కువ అక్కరకొస్తుంది. పెద్ద కొంగలకు అరుపు ఇంచుమించు లేదు, ముక్కు టపటపలాడించడమే వాటి మాట. గోల అంతా పిల్లలది. మూడోది నత్తగుల్ల కొంగ. దీని ముక్కు మూసినా నడుమ సందు కనిపిస్తుంది. వరిమళ్లలోని పెద్ద నత్తలు దీని ప్రధానాహారం కనుక రైతుకు దీని మీద ఫిర్యాదు తక్కువ. వీటితో పాటు నీటికాకులు, తెల్ల కంకణాలు, చీకటి పడ్డాక మేతకు బయల్దేరే చింతవక్కలు వస్తాయి. చింతవక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. అది గూడు కట్టే చెట్టే పేరులోకి ఎక్కింది.

ఇక్కడ ఒక పాత పొరపాటు సరిదిద్దాలి. తేలినీలాపురానికి, ఉప్పలపాడుకు పక్షులు సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయని పత్రికలు ఏటా రాస్తాయి, బడి పిల్లలూ అదే అప్పజెబుతారు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియా మంచు అవి ఎరగవు. వానలను, చెరువుల్లో నీటిమట్టాన్ని బట్టి ఇక్కడిక్కడే చోట్లు మారుతుంటాయి. శీతకాలానికి మన చెరువుల మీద దిగే కొన్ని బాతులు ఉత్తరాది నుంచి వచ్చేమాట నిజం. అవి ఇక్కడ గూళ్లు కట్టవు. మన ఊళ్లో పుట్టిన పక్షిని మనమే విదేశీని చెయ్యడం విచిత్రం. పరాయిదంటేనే గొప్ప అనుకునే అలవాటు పక్షుల దాకా పాకింది.

ఊరినే ఎందుకు నమ్ముకున్నాయి?

గూళ్ల గుంపుకు మూడు కావాలి. బరువు మోసే చెట్టు, రోజూ వెళ్లిరాగలిగే దూరంలో చేపలున్న నీరు, శత్రువు నుంచి రక్షణ. గుడ్లకు, చిన్న పిల్లలకు కాకి, గద్ద, కోతి శత్రువులు. అన్నిటినీ మించినవాడు మనిషి. చెరువుల కింద సాగు చేసే దక్షిణాది మెట్టసీమల్లో ఈ మూడూ ఒకచోట దొరికేది ఊళ్లోనే. కొమ్మలు చాచిన చింతలు, రావులు, మర్రులు మిగిలింది ఊరి మధ్య. చెరువు ఊరి పక్కన. జనసంచారం ఉన్నచోటికి అడవిపిల్లి అంత తేలిగ్గా రాదు. మనిషి ఒక్కడు ఊరుకుంటే ఇంతకన్నా భద్రమైన చోటు పక్షికి లేదు.

చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. బర్మాలో సిత్తాంగ్ నది మైదానంలో ఊళ్లకు దూరంగా, అడవిలో గూడబాతుల మహా స్థావరం ఒకటి ఉండేది. 1877లో దాన్ని చూసిన ఓట్స్ అనే ఇంగ్లీషు అధికారి లెక్కపెట్టలేనన్ని గూళ్లను వర్ణించాడు. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి అది తుడిచిపెట్టుకుపోయింది. దక్షిణ భారతంలో చెట్టుకు ఇంటి నంబరు ఉన్నచోట మాత్రం కొన్ని మిగిలాయి.

పాత ఆనవాళ్లు

మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన టి. సి. జెర్డన్ 1864లో వెలువడిన తన పక్షుల గ్రంథంలో కర్ణాటక మండలంలోని ఒక గూడబాతుల ఊరి సంగతి రాశాడు. ఊరి మధ్య అంత ఎత్తులేని చెట్ల మీద గూళ్లున్నాయని, తరతరాలుగా ఇంతేనని ఊరివాళ్లు చెప్పారని, మనుషులు కిందే తిరుగుతున్నా పక్షులకు పట్టలేదని ఆయన సాక్ష్యం. ఊరి పేరు మాత్రం రాయలేదు. అప్పట్లో కర్ణాటక మండలం అంటే నెల్లూరు నుంచి తిరునెల్వేలి దాకా విస్తరించిన తూర్పు మైదానం.

ఆ తర్వాత చాలా ఏళ్లు దక్షిణాదిలో గూళ్ల జాడ పెద్దగా పుస్తకాలకు ఎక్కలేదు. 1902లో క్యాంప్‌బెల్ అనే ఆయన కడప జిల్లా బుచ్చుపల్లె అనే ఊళ్లో మార్చి నెలలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కలిసి గూళ్లు కట్టుకోవడం చూశాడు. 1906 ప్రాంతంలో రేనియస్ అనే ఆయన తిరునెల్వేలి జిల్లా కూంతంకుళంలో అలాంటిదే మరొకటి చూసి, ఊరివాళ్లు ఆ పక్షులను సగం దేవతల్లా చూస్తున్నారని రాశాడు. కూంతంకుళం నేటికీ నిలిచి ఉంది, 1994లో అభయారణ్యం అయింది. బుచ్చుపల్లె గూళ్లు మళ్లీ ఎవరికీ కనబడలేదు.

తెలుగునాట దొరికిన పెద్ద ఆధారం 1946 నాటిది. కేరళకు చెందిన కె. కె. నీలకంఠన్ అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో, కొల్లేటి పరిసరాల్లోని ఆరేడు దగ్గర గూడబాతుల స్థావరాన్ని గుర్తించాడు. ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళంలో పక్షుల మీద గొప్ప పుస్తకం రాసిన మనిషి ఈయనే. ఆరేడులో గూళ్లు తాటిచెట్ల మీద ఉండేవి. మట్టల మొదట్లో, తాటిచెట్టు తలమీద గూడబాతు! దాదాపు మూడు వేల గూడబాతులు అక్కడ ఉన్నాయని ఆయన అంచనా. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1949లో వచ్చిన ఆ వ్యాసంతోనే ఈ పక్షి మీద శాస్త్రీయమైన చూపు మొదలైందని చెప్పవచ్చు. మూడు దశాబ్దాలు తిరగకుండానే, 1975 నాటికి, ఆరేడు ఖాళీ అయింది.

బుచ్చుపల్లె, ఆరేడు, కూంతంకుళం మూడూ ఊరి దయ మీద బతికినవే. రెండు పోయాయి, ఒకటి మిగిలింది. ఊరి దయకు రాతపూర్వకమైన పత్రం ఉండదు. చెట్టు యజమాని చనిపోయి కొడుకులు వాటాలు పంచుకున్న రోజు ఆ దయకు కూడా వాటాలు పడతాయి.

పత్రం రాయించుకున్న ఊరు ఒకటి ఉంది. చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగళ్. పద్దెనిమిదో శతాబ్దం చివరలో బ్రిటిషు సిపాయిలు చెరువులో పక్షులను కాల్చడం మొదలుపెడితే రైతులు కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్లి, పక్షులను కాపాడుకునే హక్కు తమదని కౌలు పత్రం తీసుకున్నారు. 1858లో మరో కలెక్టరు చేత దాన్ని తిరగరాయించుకున్నారు. 1936లో అది అభయారణ్యంగా గుర్తింపు పొందింది. ఆ రైతుల పట్టుదలలో భూతదయ ఎంతో, పొలం లెక్క అంత. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే వేరే ఎరువు అక్కర్లేదని వాళ్లకు తెలుసు.

రెట్ట లెక్క

ఈ పక్షిశాలల ఆర్థికమంతా రెట్ట చుట్టూనే తిరుగుతుంది. అది లాభమూ, నష్టమూ కూడా.

లాభం చెరువు కింది రైతుది. నత్రజని, భాస్వరం నిండిన నీళ్లు మడికి వస్తాయి. కొక్కరె బెళ్లూరులో చెట్ల కింద గుంటలు తవ్వి, చెరువు పూడికమట్టి నింపి, దాని మీద రెట్ట పడనిచ్చి, కాలం అయ్యాక ఎరువుగా తోలుకునే అలవాటు ఉంది. నష్టం చెట్టు ఉన్న ఇంటిది. రెట్ట మోతాదు మించితే ఆకు మాడుతుంది, కొమ్మలు ఎండుతాయి, కొన్నేళ్లకు చెట్టే చస్తుంది. చింతకాయ పండి దులిపే రోజులు, పిల్లలు గూళ్లలో ఉండే రోజులు ఒకటే. కర్ర పెట్టి కొమ్మ కొడితే పిల్లలు రాలతాయి. కొట్టకపోతే ఆ ఏటి చింతపండు పోయినట్టే. ఇక వాకిలి సంగతి. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు, అరుగు మీద పడుకున్న తాత, దేనికీ మినహాయింపు లేదు. గూళ్ల నుంచి జారిపడిన చేపలు ఎండకు కుళ్లుతాయి. అమ్మోనియా ఘాటు కళ్లకు తగులుతుంది. ఫోటోల్లో రాని సంగతి ఇదే. ఒక్క పూట చూసి వెళ్లేవారు ‘ఎంత అందం!’ అంటారు. అయిదారు నెలలు ఆ చెట్టు కింద కాపురం ఉండేవారి మాట వేరుగా ఉంటుంది. ఉన్నా చెట్టు కొట్టరు. ఈ ఊళ్ల గొప్ప అక్కడ ఉంది.

లాభం పొలం ఉన్నవాడికి, నష్టం చెట్టు ఉన్నవాడికి పోతున్నప్పుడు ఊరి కట్టుబాటు నిలవాలంటే రెండు దారులు. ఒకటి నమ్మకం. పక్షులు రాకపోతే వానలు రావనో, ఊరికి అరిష్టమనో అనుకోవడం. తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానలకు ముందుగా దిగుతాయి కనుక వాటి రాకను వాన కబురుగా చూస్తారు. రెండోది పరిహారం. నమ్మకం పలచబడ్డకొద్దీ రెండోదాని అవసరం పెరుగుతోంది. అటవీశాఖలు ఈ సంగతి గ్రహించినచోట పక్షులు ఉన్నాయి. గ్రహించని చోట బోర్డులు ఉన్నాయి.

కొక్కరె బెళ్లూరు పాఠం

స్వచ్ఛందంగా నడిచే ఊరి పక్షిశాలకు చక్కని నమూనా మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని ఈ పల్లె. ‘కొక్కరె’ అంటే కన్నడంలో కొంగ. ఊరి పేరులోనే పక్షి. ఒకప్పుడు ఊరు శింషా నది ఒడ్డున ఉండేదని, వందేళ్ల క్రితం ప్లేగు వచ్చి జనం ఇప్పుడున్న చోటికి తరలిపోతే పక్షులు కూడా వెంట వచ్చాయని చెప్పుకుంటారు. గూడబాతులు ఆ ఊరికి పురిటికొచ్చిన ఆడపడుచులు. పురిటికి వచ్చిన పిల్లను ఏ ఇంట్లోనూ ఖర్చు లెక్క అడగరు. ఆ ఒక్క పోలికతో ఊరు తన నష్టాన్ని మర్యాదగా దిగమింగుకుంది.

అటవీ అధికారి ఎస్. జి. నేగినహాళ్ 1976లో ఈ స్థావరాన్ని బయటి లోకానికి తెలియజేశాడు. గూళ్లున్న చెట్ల యజమానులకు చెట్టుకింత అని ఏటా పరిహారం ఇచ్చే పద్ధతికి నాంది అక్కడే. ఇచ్చే మొత్తం పెద్దది కాదు. చింతపండు ధరతో పోటీ పడలేదు. అయినా ‘నీ నష్టం మాకు తెలుసు’ అని రాతలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

1990లలో మైసూరు ప్రకృతి ప్రేమికుల ప్రోత్సాహంతో ఊరి యువకులు ‘హెజ్జార్లె బళగ’ ఏర్పాటు చేసుకున్నారు. హెజ్జార్లె అంటే గూడబాతు, బళగ అంటే బంధువర్గం. వీళ్లు చేసిన పనుల్లో ముఖ్యమైంది రాలిపడిన పిల్లల సాకుడు. గాలివానకో, తోబుట్టువుల కుమ్ములాటకో గూటి నుంచి జారిన పిల్లను తల్లి కిందికి వచ్చి మేపదు. కుక్కల పాలవుతుంది. ఈ కుర్రాళ్లు అలాంటి పిల్లల కోసం ఊళ్లో ఒక కంచె దడి కట్టారు. చేపలు తెచ్చి పెట్టి, రెక్కలు వచ్చాక వదిలేస్తారు. వల లేని పక్షిశాలలో వల ఉన్న మూల అదొక్కటే. రోజూ చేపలు కొనడం, నీళ్లు మార్చడం, దడి కడగడం, ఇవన్నీ జీతం లేని పనులు. సంబరంగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. మూడో నెల కూడా తెల్లవారకముందే లేచి చేపలకు వెళ్లేవాళ్లు దొరకడమే కష్టం.

2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వు అయింది.

తెలుగు ఊళ్లు, ఒక్కొక్కటీ

తేలినీలాపురం టెక్కలి మండలంలో, నౌపడ ఉప్పుమడులకు, బీల అనే చిత్తడి భూములకు దగ్గరగా ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరులో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. గూళ్లు ఊళ్లోని చింతచెట్ల మీద. ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచితో కలిపి ఇది అంతర్జాతీయంగా గుర్తించిన ముఖ్య పక్షి ప్రాంతాల జాబితాలో ఉంది. ఇక్కడ అటవీశాఖ పరిశీలన కేంద్రం కట్టింది. ఊరికి ఈ పాతికేళ్లలో వచ్చిన కష్టాలు తక్కువేమీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరం దాటింది. కొబ్బరి, జీడి, చింత అన్న తేడా లేకుండా చెట్లు కూలాయి. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కళేబరాలను పరీక్షిస్తే చేపల ద్వారా చేరిన ఏలికపాముల వంటి పురుగులే కారణమని తేలింది. దీన్ని బట్టి ఒక సంగతి గమనించాలి. ఊరు చెట్టును కాపాడగలదు. పక్షి మేతకు వెళ్లే చెరువు మాత్రం ఊరి చేతిలో లేదు. ఆ పక్షులు వాలే నౌపడ బీలలోనే కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్కేంద్రం తలపెట్టారు. దానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీల తమ బతుకని జాలరులు, రైతులు చెప్పిన వాదన పక్కనే గూడబాతుల వాదన కూడా నిలిచింది.

ఉప్పలపాడు కథ వేరు. గుంటూరుకు కూతవేటు దూరంలో, పెదకాకాని మండలంలో ఉన్న ఈ ఊరి చెరువు చుట్టూ ఇళ్లు, పక్కన రోడ్డు, దగ్గర్లోనే నగరం. చెరువును ఊరు పక్షులకే వదిలిపెట్టింది. నీళ్లలోని తుమ్మలు రెట్టకు, తేమకు ఎండిపోతుంటే అటవీశాఖ ఇనుప చట్రాలతో కృత్రిమ చెట్లు నిలబెట్టింది. పక్షులు వాటినీ ఒప్పుకొని గూళ్లు కట్టాయి. కొల్లేటి ఆటపాకలో కూడా గూడబాతులు ఇలాంటి ఇనుప మంచెల మీదే పిల్లలను పెంచుతున్నాయి. ఇది విజయమే. కానీ ఇనుము నీడ ఇవ్వదు, ఎండకు కాగుతుంది. చెట్టు పెరిగేదాకా ఊతకర్రలా పనికొస్తుందే తప్ప చెట్టు బదులు ఇనుము అనే ఆలోచన సరైంది కాదని ఈ రచయిత అభిప్రాయం.

వీరాపురం చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉంది. లేపాక్షి చూడవచ్చినవారు మరికొంత దూరం వెళ్తే చాలు. రాష్ట్రంలోకెల్లా వాన తక్కువ పడే సీమలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్లు వెతుక్కుని రావడమే వింత. కరవు ఏడాది చెరువులు ఎండితే గూళ్లు పలచబడతాయి. మంచి వాన పడిన ఏడాది మళ్లీ నిండుతాయి. రాయలసీమ రైతు బతుకుకూ ఆ కొంగ బతుకుకూ పెద్ద తేడా లేదు.

ఖమ్మం దగ్గర చింతపల్లిలో కూడా ఎర్రకాళ్ల కొంగలు చింతల మీదే గూళ్లు కడతాయి. అక్కడి కొత్త శత్రువు కోతి. అడవుల్లో పండ్లచెట్లు పోయి ఊళ్ల మీద పడ్డ కోతిమూకలు గుడ్లను, పిల్లలను బతకనివ్వడం లేదు. వేటగాణ్ణి ఊరు తరమగలదు, కోతిని తరిమితే పక్క చెట్టెక్కుతుంది.

చట్టం ఎక్కడ నిలుస్తుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పక్షులను పట్టడాన్ని, చంపడాన్ని, గుడ్లు తీయడాన్ని నిషేధించింది. మన దేశపు అడవి పక్షిని ఇంట్లో పంజరంలో పెట్టడం కూడా నేరమే. చిలకకు సైతం మినహాయింపు లేదు. అందువల్ల ఊరి జనం చందాలేసుకుని వలకట్టి స్థానిక పక్షులతో పక్షిశాల పెడతామంటే చట్టం ఒప్పుకోదు. రాలిపడిన పిల్లను చేరదీయాలన్నా అటవీశాఖకు తెలియజేయాలి.

ఊళ్లకు ఉపయోగపడే మార్పు 2002 సవరణతో వచ్చింది. ప్రైవేటు లేదా ఉమ్మడి భూమిలో జనం తమంతట తాము ముందుకొస్తే దాన్ని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించి, నిర్వహణను స్థానిక కమిటీకి అప్పగించవచ్చు. భూమి యాజమాన్యం మారదు. అభయారణ్యం అంటే భయపడే రైతుకు ఇది ఊరట. అభయారణ్యం అనగానే మేత, కట్టెలు, చేపలు అన్నీ బందవుతాయన్న భయం కొల్లేటి లంకల్లో చూశాం. 1999లో కొల్లేటి సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు జరిగిన రభస ఇప్పటికీ చల్లారలేదు. పక్షి పేరెత్తితే మొహం చిట్లించే పరిస్థితి ఒక ప్రాంతమంతా వచ్చింది. అదే పక్షిని నెత్తిన పెట్టుకునే ఊరు మరోచోట ఉంది. కొక్కరె బెళ్లూరులో ఆడపడుచైన గూడబాతు చేపల చెరువు గట్టు మీద దొంగ. చేపపిల్లలకు డబ్బు పోసినవాడు టపాకాయలు పేల్చి తరుముతాడు, చెరువు మీద తీగలు కడతాడు. అతనిదీ నష్టమే. చెట్టు యజమానికి పరిహారం గురించి మాట్లాడినవాళ్లు కూడా చెరువు యజమాని దగ్గరికి వచ్చేసరికి మాట దాటేస్తారు.

టపాకాయల మాట వచ్చింది కాబట్టి తమిళనాడు శివగంగ జిల్లాలోని వేట్టంగుడి, కొల్లుకుడిపట్టి ఊళ్లను తలుచుకోవాలి. గూళ్లలో పిల్లలు బెదురుతాయని అక్కడ దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చరు. పిల్లలకు మిఠాయిలతో సరిపెడతారు. ఏ చట్టమూ చెయ్యలేని పని అది.

ఇప్పటి పరిస్థితి

గూడబాతుల సంఖ్య ఇరవయ్యో శతాబ్దమంతా తగ్గుతూ వచ్చి, చివరి దశాబ్దాల్లో కోలుకుంది. 2006 అంచనా ప్రకారం ప్రపంచంలో 13 వేల నుంచి 18 వేల దాకా ఉన్నాయి. 2007లో దీన్ని ‘ముప్పున్న జాతుల’ వర్గం నుంచి ‘ముప్పుకు చేరువలో ఉన్న’ వర్గానికి మార్చారు. ఈ కోలుకోవడంలో నేలపట్టు వంటి ప్రభుత్వ స్థావరాలకు వాటా ఉంది. 1976లో ఏర్పాటైన నేలపట్టులో నీళ్లలో నిలిచే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్కడ చెట్టు సర్కారుది కనుక చింతపండు తగాదా లేదు.

ఊళ్లలో మాత్రం ముదురు చెట్లు ఏటేటా తగ్గుతున్నాయి. పాత పెంకుటింటి పెరట్లో చింత ఉండేది. డాబా కట్టేటప్పుడు మొదట పోయేది అదే. చింత నాటితే గూటి బరువు మోసేంత కావడానికి తరం పడుతుంది. కరెంటు తీగలు మరో గండం. రెండు రెక్కలు చాచితే రెండు తీగలకూ తగిలేంత పెద్ద పక్షి ఇది. కొత్త చెట్లు నాటడం, తీగలకు తొడుగు వేయడం, గూళ్ల కింద వలలు కట్టడం, చెట్టుకు పరిహారం ఇవ్వడం, మేతకు వెళ్లే చెరువులను పరీక్షించడం, చెయ్యాల్సిన పనులు ఇవే. అన్నీ తెలిసినవే. పరిహారాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాలని ఈ వ్యాసకర్త వాదన. మిగిలినవన్నీ ఒక చెట్టు నిలబడి ఉంటేనే పనికొస్తాయి.

చూడబోయేవారికి

తేలినీలాపురానికి టెక్కలి నుంచి, రైలులో అయితే నౌపడ జంక్షను నుంచి వెళ్లవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఉప్పలపాడుకు గుంటూరు నుంచి ఆటో దొరుకుతుంది. సాయంత్రం పక్షులు తిరిగి చేరే వేళకు వెళ్లాలి. వీరాపురం దారి హిందూపురం మీదుగా. డ్రోను ఎగరెయ్యకండి, చప్పట్లు కొట్టి లేపకండి. చెట్టు ఎవరిదో ఆ ఇంటివాళ్లను పలకరించకుండా వాకిట్లోకి వెళ్లవద్దు. ఎండగా ఉన్నా సరే, గొడుగు తీసుకెళ్లండి.